మూడో గుంట

మూడో గుంట చచ్చిపోయింది.

సన్యాసిరావు ఇనప చువ్వను మోచేతి లోతు దాకా గుంటలోకి దింపాడు. నింపాదిగా వంద లెక్కపెట్టాడు. బయటికి లాగి కొసను అరచేత్తో పట్టుకున్నాడు. చల్లగా, పొద్దున్నే ముట్టుకున్న రైలుపట్టాలా ఉంది.

అదే చువ్వను పక్కనున్న రెండో గుంటలో దింపితే కొస చురుక్కుమంది. ఒకటో గుంటలోనూ అంతే. ఆ రెండింటి మీదా పలచగా ఆవిరి లేస్తోంది. మూడోదాని మీద ఆవిరి లేదు, ఈగ లేదు. పదిహేను రోజుల కిందట వేసిన వంకాయ తొడిమలు నిన్న కోసినట్టే ఉన్నాయి. కుళ్లాల్సింది కుళ్లలేదంటే, అక్కడ ఎవరిదో చెయ్యి పడిందన్నమాటే.

"ఎవడో సంపీసాడు దీన్ని," అన్నాడు సన్యాసిరావు పైకే.

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో ఇరవై ఏడేళ్లుగా అతను పారిశుద్ధ్యం జమాదారు. ఐదు నెలల కిందటి దాకా కాలనీ చెత్తంతా గజానన్ సేఠ్ ట్రాక్టరు పట్టుకెళ్లేది. నల్లటి పొగ కక్కుకుంటూ వెళ్లి, అర్పా నది ఒడ్డున దిమ్మరించి నిప్పు పెట్టేది. గాలి ఇటు తిరిగిన రోజు సర్కండా నుంచి స్టేషను దాకా కళ్లు మండేవి. అప్పుడు హైదరాబాదు నుంచి ఉషారాణి అనే ఆవిడ వచ్చింది. ఊళ్లలో చెత్తనీ పొగనీ తగ్గించే సంస్థ ఒకటి ఆవిడది. ట్రాక్టరు వద్దు, తొక్కుడు బళ్లు చాలు అంది. తగలబెట్టొద్దు, తడి చెత్త ఎరువు చేద్దాం అంది. ఆవిరి ఇంజన్లు పోయి పాడుబడ్డ పాత షెడ్డు వెనక మూడు గుంటలు తవ్వించింది. మూడు గుంటలకి మూడు బళ్లు. ఒకటో బండి బుధరామ్‌ది, రెండోది సుకవారోది. తెలుగు లైను ముప్పై ఇళ్ల చెత్త తెచ్చే మూడో బండి అసిరమ్మది. ఎవరి గుంటకి వాళ్లే జవాబుదారీ.

ఈ పని నెగ్గితే ముగ్గురికీ ఉద్యోగం ఖాయం. తర్వాత పక్కనున్న సర్కండా పేటలోనూ ఇవే బళ్లు. నెగ్గకపోతే గజానన్ సేఠ్ ట్రాక్టరు మళ్లీ వస్తుంది. తేల్చడానికి ఉషారాణి శనివారం వస్తోంది. ఇవాళ మంగళవారం.

హెల్త్ ఇన్‌స్పెక్టరు నాగేంద్ర స్కూటరు దిగకుండానే గుంట వైపు చూశాడు. ముప్పై ఏళ్లు లేవు. తాత పలాస నుంచి వచ్చి ఇక్కడే ఫైర్‌మన్‌గా చేశాడు. మనవడికి తెలుగు మాట్లాడటం వచ్చు గాని చదవడం రాదు.

"అచ్ఛా, ఏం చేద్దాం సన్యాసిరావు గారూ? మేడమ్ అడుగుతుంది. ఎవరో ఒకరి పేరు చెప్పాలి కదా."

"పేరు సెప్తాను సార్. ముందు పట్టుకోనీండి."

"జల్దీ పట్టుకోండి. శనివారం లోపల."

స్కూటరు వెళ్లిపోయింది. అప్పుడే అసిరమ్మ బండి వచ్చింది. మిగతా రెండు బళ్లూ వచ్చి గంటయింది. నలభై దాటిన మనిషి. చీర కుచ్చిళ్లు పైకి దోపి, ఊపిరి ఎగబీలుస్తూ తొక్కుతోంది. సన్యాసిరావును చూడగానే బండిలో ఉన్న గోనె సంచిని ఒక చేత్తో సర్ది కప్పింది.

ఇరవై ఏడేళ్లలో సన్యాసిరావు చాలా దొంగతనాలు పట్టుకున్నాడు. చీపుర్లు, బకెట్లు, ఒకసారి ఏకంగా మ్యాన్‌హోల్ మూత. సర్దిన చెయ్యి ఎలా ఉంటుందో అతనికి తెలుసు.

*

బుధవారం పొద్దున అతను సైకిలు మీద తెలుగు లైనుకి ముందే చేరుకుని, కుళాయి గట్టు చాటున నిలబడ్డాడు.

అసిరమ్మ ఇంటింటికీ ఆగుతోంది. ఆకుపచ్చ బకెట్టు ముందు డబ్బాలోకి, ఎర్ర బకెట్టు వెనక డబ్బాలోకి. వంచడం, తట్టడం, తిరిగి గుమ్మంలో పెట్టడం. చేతులు ఎక్కడా దారి తప్పలేదు. ఒకటి రెండు గుమ్మాల్లో మాత్రం ఆగి ఏదో బతిమాలుతున్నట్టు చెప్పింది. ఆడవాళ్లు విదిలించారు. ఒకావిడ తలుపు ధడాలున వేసుకుంది.

'ఏదో అడుగుతోంది. ఇళ్ల మీద పడి అడుక్కుంటోందన్నమాట,' అనుకున్నాడు సన్యాసిరావు.

"బావా! దొంగలాగ అక్కడేటి?"

ఉలిక్కిపడ్డాడు. గార్డు చంద్రమౌళి భార్య అప్పలనర్సమ్మ. సన్యాసిరావు భార్యకి వరసకి చెల్లెలు. ఆమె గొంతు ప్లాట్‌ఫారం మైకుకి సవాలు.

"మెల్లగ మాటాడే తల్లీ. డ్యూటీలో ఉన్నాను."

"కుళాయి గట్టుకి డ్యూటీయేటి? సర్లే, పొడి అయిపోయింది. డబ్బా పంపుతానని వారం అయింది. ఇందీ వాళ్ల లైనుకి ఇచ్చీసేవా మాది?"

"వాళ్లకెందుకిస్తాను? మనోళ్లకి ఇచ్చాకే ఎవరికైనా. రేపు పంపుతాను."

అది నిజమే. మురిక్కాలవల్లో చల్లడానికి వచ్చే బ్లీచింగు పొడిలో కొంత పక్కన పెట్టి, తెలుగు లైనులో ఇంటికో డబ్బా ఇప్పించడం అతని సొంత ఏర్పాటు. కామెర్లు తిరిగిన ఏడు మొదలుపెట్టాడు. మనవాడు జమాదారుగా ఉన్నందుకు మనవాళ్లకి ఆ మాత్రం చెయ్యకపోతే ఎలా? ఆ డబ్బా అందుకునేటప్పుడు ఆడవాళ్లు "బావా", "అన్నయ్యా" అని పిలిచే పిలుపు అతనికి ఇష్టం.

తిరిగి చూసేసరికి అసిరమ్మ బండి లేదు.

సైకిలెక్కి తొక్కాడు. బండి షెడ్డు వైపు మళ్లలేదు. పట్టాల అవతలికి పోయే సిర్గిట్టి రోడ్డు పట్టింది. రెండు వందల గజాల దూరం ఉంచి వెంటపడ్డాడు. ఆమె పట్టాలు దాటింది. దాటి, ఎడమకి తిరిగి, రేకుల గోడ ఉన్న గేటులోకి బండితో సహా వెళ్లింది.

అది గజానన్ సేఠ్ ట్రాక్టరు యార్డు.

యార్డు గేటు దాకా పోదామని ముందుకు తోశాడు. లెవెల్ క్రాసింగ్ గేటు మొహం మీదే పడింది. బొగ్గు గూడ్సు వచ్చింది. ఒక వేగను, రెండు, పది, ముప్పై. చక్రాల మధ్య సందుల్లోంచి రేకుల గోడ తునకలు తునకలుగా కనిపించింది. బండి బయటికొచ్చింది. ఒక మనిషి దానిలోకి ఏదో బరువైనది ఎత్తి పెట్టాడు. అసిరమ్మ గోనె కప్పింది. యాభై, యాభై ఒకటి. గేటు లేచేసరికి రోడ్డు ఖాళీ; బండి పట్టాల కింది వంతెన దారి పట్టినట్టుంది.

రొప్పుతూ షెడ్డు వెనక్కి వచ్చేసరికి బండి కడిగేసి ఉంది. అసిరమ్మ చేతులు కడుక్కుంటోంది. మూడో గుంట పైపొర అప్పుడే పారతో తిరగేసినట్టుంది.

"ఏటి తెచ్చావు?"

"ఏటీ నేదు బాబూ. ఇళ్ల చెత్తే."

"ఇళ్ల చెత్త తప్ప ఇంకేటీ గుంటలో పడకూడదని మేడమ్ సెప్పిందా నేదా?"

"సెప్పారు బాబూ." ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంది. "బాబూ, ఇళ్ల కాడ తమరొక్క మాట సెప్పాల. నా మాట ఇనట్లేదు వాళ్లు..."

"ఇళ్లోళ్ల మీద తొయ్యకు!"

ఆమె నోరు మూసుకుంది. దొంగలందరూ అలాగే మూసుకుంటారు, అనుకున్నాడు సన్యాసిరావు.

*

గురువారం హాజరీ దగ్గర పద్దెనిమిది మంది పనివాళ్లు వరసగా నిలబడ్డారు. సన్యాసిరావు పేర్లు పిలిచాడు. అసిరమ్మ పేరు దగ్గర ఆగాడు.

"నువ్వు పక్కకి రా."

వచ్చింది.

"సేఠ్ యార్డుకి ఎన్నాళ్లబట్టి ఎల్తన్నావు?"

వరస మొత్తం ఆమె వైపు తిరిగింది. బుధరామ్ బీడీ పారేశాడు.

"ఐదు దినాలు, బాబూ."

"ఆడు ఇచ్చిన మందు తెచ్చి గుంటలో కలిపి సంపీసావు. ట్రాక్టరు మళ్లీ తేవాలని ఆడు. ఆడి సెయ్యి కింద నువ్వు. పదిమంది కూడు మీద దెబ్బ కొట్టావు."

"మందా?" అసిరమ్మ తలెత్తి చూసింది. "సూసారా బాబూ? కళ్లారా?"

"సూసాను."

"ఏటి సూసారు?"

సన్యాసిరావు కళ్ల ముందు వేగన్లు తిరిగాయి. "ఈ పొద్దునించీ నీకు పని లేదు," అన్నాడు. బండి గొలుసు తాళం కోసం చెయ్యి చాపాడు. ఆమె బొడ్లోంచి తీసి అతని చేతిలో పెట్టలేదు, నేల మీద పెట్టింది. వరస ముందు నుంచి నడిచి వెళ్లిపోయింది.

మధ్యాహ్నం నాగేంద్ర టేబులు మీద సన్యాసిరావు హిందీలో రాసిన కాగితం పెట్టాడు. నాగేంద్ర చదివి సంతోషించాడు. "బస్, ఇది చాలు. సాబొటాజ్. మేడమ్ కూడా ఏం అనడానికి ఉండదు."

*

శుక్రవారం అసలు చిక్కు వచ్చింది. మూడో బండి తొక్కేవాళ్లు లేరు. మేడమ్ వచ్చే ముందురోజు తెలుగు లైను చెత్త గుమ్మాల్లో ఉండిపోతే పరువు పోతుంది. సన్యాసిరావు లుంగీ బిగించి తనే బండెక్కాడు.

పది ఇళ్లయ్యేసరికి మోకాళ్లు ఏడ్చాయి. నిండిన బండి ముందుకి కదలాలంటే సీటు మీంచి లేచి రెండు పెడళ్ల మీదా నిలబడాలి. అసిరమ్మ ఇది రోజూ చేసేదన్న ఆలోచన వచ్చింది. తోసేశాడు.

"ఓలమ్మో, సూడండే! జమాదారు బండెక్కాడు!" అప్పలనర్సమ్మ అరిచింది. "బావా, ప్రమోసనా?"

"నవ్వు, నవ్వు. బకెట్టు ఇలాగియ్యి."

కిటికీల్లో నవ్వులు. బకెట్టు తరవాత బకెట్టు, లోపలికి చూడకుండానే వంచుకుంటూ పోయాడు. పంతొమ్మిదో ఇల్లు అతనిదే. గంట కొట్టాడు. భార్య శాంతాదేవి ఆకుపచ్చ బకెట్టుతో గుమ్మంలోకి వచ్చి, బండి మీద మొగుణ్ని చూసి నోరు నొక్కుకుంది.

"ఇదేటి కర్మ! మనిషే దొరకలేదా?"

"ఇయ్యవే ముందు."

"ఉండండుండండి, పొడి జల్లి ఇస్తాను."

ఆమె గుమ్మం పక్క డబ్బాలో చెయ్యి పెట్టి, పిడికెడు బ్లీచింగు తీసి, ఆనపకాయ తొక్కల మీద తిరగమోత పెట్టినంత తేలిగ్గా చల్లింది. తొక్కల మీద తెల్లగా పరుచుకుంది. బకెట్టు అందించింది.

సన్యాసిరావు అందుకోలేదు.

"ఎందుకు జల్లావు?"

"ఎందుకేటి? మీరే కదా సెప్పింది. పొడి పడిన కాడ పురుగు బతకదు, కుళ్లు పట్టదు అని. ఇరవై ఏళ్లబట్టీ సెప్తన్నారు."

"రోజూ జల్లుతున్నావా?"

"నేనొక్కదాన్నేనా? ఈగలు ముసిరిన ఈ నెలబట్టీ లైనంతా. మనోళ్లు శుభ్రం అని మీరే మురిసిపోతారు కదా! ఆ అసిరమ్మ మొన్న వద్దమ్మా వద్దమ్మా అని ఒకటే నస. జమాదారు కన్నా నీకెక్కువ తెలుసా అని అందరం సీవాట్లెట్టాం."

బండి దానంతటదే రెండడుగులు వెనక్కి జారింది. సన్యాసిరావు కాలు ఆనించి ఆపాడు. డబ్బాలోంచి గుప్పెడు చెత్త తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఏ వాసనా తగల్లేదు. ఇరవై ఏడేళ్లు ఆ పొడిలోనే చేతులు పెట్టినవాడి ముక్కుకి ఆ వాసన ఎప్పుడో చచ్చిపోయింది.

షెడ్డు వెనక సుకవారోని పిలిచి అదే గుప్పెడు చూపించాడు. ఆమె మొహం పక్కకి తిప్పుకుంది.

"బ్లీచింగ్, సాహెబ్. ఈ బండి దగ్గర రోజూ ఇదే కంపు. మీకు తెలుసనుకున్నాం."

తన మాట నిలబడటానికి ఒక్క ఆశ మిగిలింది. సేఠ్ యార్డు. సైకిలు మీద వెళ్లాడు. ఈసారి గేటు తెరిచే ఉంది. ట్రాక్టరు వెనక, రేకుల కింద పన్నెండు గేదెలు. వాటిని చూసుకునే ముసలాయన సన్యాసిరావు ప్రశ్న విని నవ్వాడు. "ఆ తెలుగు బాయీయా? రోజూ సాయంత్రం వచ్చి కొట్టం ఊడ్చి పోతుంది. బదులుగా పొద్దున బండికి ఒక గంపెడు పచ్చి పేడ అడిగింది. ఏదో గుంట చల్లబడిందట, దానికి వేడి పుట్టించాలట. ఇంత పేడ కోసం అంత ఊడుస్తారా ఎవరైనా? రెండ్రోజులుగా రావడం లేదేం?"

*

నాగేంద్ర సన్యాసిరావు చెప్పిందంతా విన్నాడు. పెన్ను మూత తీశాడు, పెట్టాడు.

"ఛోడియే సన్యాసిరావు గారూ, వదిలెయ్యండి. కాగితం పైకి వెళ్లిపోయింది. ఇప్పుడు మార్చితే ఏం చెప్తాం? మనమే పంచాం అనా? కాలవల పొడి ఇళ్లకెందుకు వెళ్లిందని అడిగితే? మీకు రిటైర్మెంటు ఎన్ని నెలలు?"

"ఎనిమిది."

"మరి? ఆవిడ డెయిలీ లేబరు. ఇక్కడ కాకపోతే ఇంకోచోట. పొడి ఆపేద్దాం, గుంట బాగుపడుతుంది, అందరూ ఖుష్. సమజ్ గయే నా?"

సన్యాసిరావుకి అర్థమైంది. ఇన్నాళ్లూ చీపురు దొంగల్ని పట్టుకున్నప్పుడు వాళ్లు కూడా ఇలాగే, ఇంత సులువుగా లెక్క తేల్చేవాళ్లు.

సాయంత్రం ఎండ ఇంకా ఉండగానే సిర్గిట్టిలో అసిరమ్మ ఇంటికి వెళ్లాడు. ఆమె గుమ్మం ముందు కట్టెలు చీలుస్తోంది. లేచి నిలబడింది గాని కూర్చోమనలేదు.

"పేడ అని ఎందుకు సెప్పలేదు?"

"ఇళ్ల చెత్త తప్ప ఏటీ ఎయ్యకూడదన్నారు కదా. పేడేసానని తెలిస్తే పని తీసేస్తారని బయ్యమేసింది."

"పొడి సంగతైనా సెప్పొచ్చు కదే!"

"సెప్పబోతే తొయ్యకన్నారు. పంచినోరు తమరు. తమరి ముందే నిలబడి, తమరు పంచిందే గుంటని సంపుతందని ఎలగ సెప్పను బాబూ?"

రైలు ఒకటి వెళ్లింది.

"రేపు డ్యూటీకి వచ్చీ," అన్నాడు సన్యాసిరావు. "నేను మాట్లాడుకుంటాను."

"రాను."

"ఏటి?"

"ఇక్కడ, నా గుమ్మంలో సెప్తే ఎవరికి వినబడింది బాబూ? అక్కడ పద్దెనిమిది మంది ముందు పదిమంది కూడు కొట్టిందన్నారు. ఎక్కడన్నారో అక్కడే అది తప్పనండి. వచ్చి ఓ పక్కన నిలబడతాను. అంటే బండెక్కుతాను. అనకపోతే ఇలాగే తిరిగొచ్చీసి కట్టెలు కొట్టుకుంటాను."

ఆమె గొడ్డలి ఎత్తింది. మాట అయిపోయిందని అర్థం.

*

శనివారం ఉషారాణి జీపులో రాలేదు. స్టేషను నుంచి రిక్షా మాట్లాడుకుని వచ్చింది. మూడు గుంటల్లోనూ తన చేత్తోనే చువ్వ దింపింది. మూడోదాని దగ్గర కొస పట్టుకుని చాలాసేపు ఉంది. వెనకాల పనివాళ్ల వరస. వరసకి పది గజాల దూరంలో, నీళ్ల తొట్టె పక్కన అసిరమ్మ.

నాగేంద్ర గొంతు సవరించుకున్నాడు. "మేడమ్, ఇది సాబొటాజ్. మనిషిని పట్టుకున్నాం, తీసేశాం. రిపోర్టు మీ దగ్గర ఉంది."

"చదివాను. ఏం మందు కలిపింది?"

"అది... ఇన్వెస్టిగేషన్‌లో ఉంది."

ఉషారాణి కళ్లు సన్యాసిరావు వైపు తిరిగాయి. "రాసింది మీరే కదా? మీరు చెప్పండి. ఏం మందు?"

నాగేంద్ర బూటు కొసతో సన్యాసిరావు మడమని తాకాడు. సన్యాసిరావు నీళ్ల తొట్టె వైపు చూశాడు. అసిరమ్మ అటు తిరిగిపోలేదు, ఇటు రానూ లేదు.

"బ్లీచింగు పొడి, మేడమ్." వరసకి వినబడేలా గొంతు పెంచాడు. "కలిపింది ఆ మనిషి కాదు. నాను. తెలుగు లైనులో ఇంటికో డబ్బా పంచాను, మనోళ్లని. వాళ్లు రోజూ చెత్త మీద జల్లారు. నా మాట మీదే జల్లారు. చల్లారిపోతన్న గుంటకి గేదెల కొట్టం ఊడ్చి పేడ తెచ్చి పోసింది ఆవిడ. దొంగనన్నాను. ఇదిగో ఇక్కడే, వీళ్లందరి ముందే అన్నాను. నాను అన్నది తప్పు."

నాగేంద్ర చెవులు ఎర్రబడ్డాయి. బుధరామ్‌కి తెలుగు సగమే అర్థమై, సుకవారోని మోచేత్తో పొడిచాడు. ఆమె చెప్పింది. మాట వరస చివరిదాకా పాకింది.

ఉషారాణి చువ్వని సన్యాసిరావు చేతికిచ్చింది. ఎనిమిది నెలల్లో దిగిపోయేవాడి మీద ఏం రాయాలో తర్వాత రాసుకుంటుందని అతనికి తెలుసు. ఆవిడ నీళ్ల తొట్టె దాకా నడిచింది.

"అసిరమ్మా, దీన్ని బతికించొచ్చా?"

"తెల్లబడిన మట్టుకు తీసీయాల. రెండు మూరల లోతు. కిందకి ఇంకా పోలేదు. పేడ నీళ్లు పొయ్యాల. పొడి ఆగాల, తల్లీ. అది ఆగకపోతే ఏటి పోసినా దండగే."

"నెల టైమిస్తాను. అప్పటిదాకా ట్రాక్టరు రాదు. మూడో గుంటకి పేడ వెయ్యొచ్చని నేనే రాసిస్తాను. పొడి ఎలా ఆపుతావు?"

"ఇంటింటికీ ఎల్లి డబ్బాలు ఎనక్కి తెచ్చీస్తాను."

"నీ మాట వింటారా?"

అసిరమ్మ బండి దగ్గరకొచ్చి నిలబడింది. సన్యాసిరావు జేబులోంచి గొలుసు తాళం తీసి, వంగి, బండి గొలుసు తనే విప్పాడు.

*

తెలుగు లైనులో మొదటి ఇల్లు అప్పలనర్సమ్మది. అసిరమ్మ బండి దిగి గుమ్మం ముందు నిలబడి, పొడి డబ్బా ఇమ్మంది. సన్యాసిరావు బండి వెనక నిలబడ్డాడు.

"ఏటే, తిక్కగాని పట్టిందా? జమాదారు ఇచ్చింది అడగటానికి నువ్వెవరే?"

"ఇయ్యండమ్మా. గుంట సచ్చిపోతంది."

"సస్తే సచ్చింది. వాసనొస్తే నువ్వొచ్చి పీలుస్తావా?"

పక్కిళ్ల కిటికీల్లో తలలు లేచాయి. అసిరమ్మ చాచిన చెయ్యి దించలేదు. అప్పలనర్సమ్మ ఆమె భుజం మీదుగా చూసింది.

"ఏటి బావా, మాటాడవు? దీని మాట నానినాలా?"

"ఇనాలి నర్సమ్మా," అన్నాడు సన్యాసిరావు. "నానూ ఇంటన్నాను."

అప్పలనర్సమ్మ అతన్ని ఎగాదిగా చూసింది. నవ్వుతాడేమోనని చూసింది. అతను నవ్వలేదు. విసురుగా లోపలికి వెళ్లి, డబ్బా పట్టుకొచ్చి, అసిరమ్మని దాటించి అతని వైపే చాపింది.

సన్యాసిరావు రెండు చేతులూ బండి కమ్మీ మీదే ఉంచాడు.

డబ్బా గాలిలో అలాగే ఉంది. అప్పలనర్సమ్మ మోచెయ్యి నెప్పి పుట్టి కిందికి వంగేదాకా ఉంది. ఆఖరికి దాన్ని అసిరమ్మ చేతిలో పెట్టింది. అసిరమ్మ డబ్బా బండిలో పడేసి, వెనక్కి చూడకుండా పక్క గుమ్మానికి నడిచింది. సన్యాసిరావు వంగి బండి తోశాడు.